సాఫ్ట్‌వేర్ కూర్పుల మధ్య అమరికల సంక్రమణము

ఒక అప్లికేషన్ పాత కూర్పులో వాడుకరి భద్రపరచుకొన్న అమరికలను దాని క్రొత్త కూర్పు కనుగొని, చదివి, అవసరమైనచో రూపాంతరము నొందించి, తనవిగా స్వీకరించు ప్రక్రియకు అమరికల సంక్రమణమని పేరు. ఈ వృత్తిలో నున్నవారు నిత్యవ్యవహారమున దీనిని సెట్టింగ్స్ మైగ్రేషన్ అందురు. అక్షరముల పరిమాణము, తెఱపై విండో నిలుచు చోటు, ఇటీవల తెఱచిన ఫైళ్ల జాబితా, కీబోర్డు షార్ట్‌కట్లు, ప్రింటరు ఎంపిక, ప్రాక్సీ చిరునామా, వాడుకరి తన నిఘంటువునకు చేర్చుకొన్న పదములు, ఇవన్నియు అమరికలే. ఒక్కొక్కటి విడిగా చూచిన స్వల్పముగానే తోచును. కాని తెలుగు గ్రంథముల ముద్రణకు సహాయపడు ఒక సంపాదకుడు ఏండ్ల తరబడి ఒక్కొక్క ఇంటిపేరును, ఒక్కొక్క ఊరిపేరును స్పెల్‌చెక్‌నకు నేర్పి పెంచుకొన్న పదావళి, క్రొత్త కూర్పు ప్రవేశించిన మరునాడు శూన్యముగా కనబడినచో, పోయిన ఫైలు కొన్ని కిలోబైట్లదే యైనను దాని వెనుకనున్న శ్రమ తిరిగి సంపాదింప శక్యము కానిది.

ఉత్తరములు, పద్దులు, ఛాయాచిత్రములు మొదలగు పత్రములు కంటికి కనబడునవి గనుక వాడుకరి వానికి నకళ్లు తీసి దాచుకొనును. అమరికలు మాత్రము, ఆయన ఎన్నడును తెఱచి చూడని మారుమూల ఫోల్డరులో, ఆయన ఎఱుగని పేరుతో నుండును. కావున వానిని కాపాడు బాధ్యత సంపూర్ణముగా నిర్మాతపైననే నిలిచినది. ఈ బాధ్యతను నెఱవేర్చుటలో ప్రథమ కర్తవ్యము, భద్రపరచిన విలువలలో వాడుకరి బుద్ధిపూర్వకముగా ఎంచుకొన్నదేదో, నిర్మాత తన ఊహచేత ముందుగా ఉంచిన డిఫాల్టు విలువ ఏదో వేఱుపఱచి తెలిసికొనుట. సంక్రమణమునందు సంభవించు దోషములలో అధికభాగము ఈ వివేచన లేకపోవుటవలననే పుట్టుచున్నవి.

అమరికల నివాసస్థానములు

యూనిక్స్ సంప్రదాయమున ప్రతి ప్రోగ్రామును తన అమరికలను వాడుకరి గృహ డైరెక్టరీలో చుక్కతో మొదలగు పేరుగల ఫైలులో ఉంచుట వాడుకయైనది. ఈ యాచారము ఒక పథకము ననుసరించి పుట్టినది కాదని, ఆ వ్యవస్థా నిర్మాతల బృందమువాడైన రాబ్ పైక్ వివరించియున్నాడు: ఫైళ్ల జాబితా చూపు ‘ఎల్ఎస్’ అను ప్రోగ్రాము, ప్రతి డైరెక్టరీలోను తప్పక యుండు ఒంటిచుక్క, జంటచుక్క అను రెండు నామములను దాచుటకై, పేరులోని తొలి అక్షరము చుక్కయా అని మాత్రమే పరీక్షించుటచేత, చుక్కతో మొదలగు పేర్లన్నియు మఱుగుపడెను, ఆ మఱుగును ప్రోగ్రాములు తమ ఫైళ్లకు ఆశ్రయముగా చేసికొనెను. ఇట్టి ఫైళ్లు గృహ డైరెక్టరీని నింపివేయుట చూచి, 2003లో ఫ్రీడెస్క్‌టాప్ వేదికనుండి వెలువడిన ఎక్స్‌డీజీ బేస్ డైరెక్టరీ నిర్దేశము, అమరికలకు ‘కాన్ఫిగ్’ అను ఒకే ఫోల్డరును, పోయినను తిరిగి పుట్టింపదగిన తాత్కాలిక సమాచారమునకు ‘క్యాష్’ అను వేఱొక ఫోల్డరును ఏర్పఱచెను. సంక్రమణము చేయువారికి ఈ విభజనము మహోపకారి. వెంట తీసికొని పోవలసినదియు, వదలివేయదగినదియు తావును బట్టియే తెలియవచ్చును.

విండోస్ తొలి కూర్పులలో అమరికలు ‘ఐఎన్ఐ’ ఫైళ్లయందు సాదా పాఠముగా నుండెడివి. 1992 నాటి విండోస్ 3.1 నందు స్వల్పరూపమున కనబడిన రిజిస్ట్రీ అను ఉమ్మడి భాండారము, 1993లో విండోస్ ఎన్‌టీతో విస్తృతిని పొంది, విండోస్ 95 తో సర్వసామాన్యమయ్యెను. మ్యాక్ వ్యవస్థలో, నెక్స్ట్‌స్టెప్ వారసత్వముగా వచ్చిన ప్రాపర్టీ లిస్టు ఫైళ్లు ‘లైబ్రరీ’లోని ‘ప్రిఫరెన్సెస్’ ఫోల్డరునందుండును. ఆండ్రాయిడ్‌లో చిన్న అమరికలు ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగాను, పెద్దవి ఎస్‌క్యూలైట్ డేటాబేసులుగాను ప్రతి యాప్‌నకు ప్రత్యేకమైన ప్రదేశమున నిలుచును. రూపమేదైనను ప్రశ్న యొక్కటే: క్రొత్త కూర్పు పాతదాని విలువలకొరకు ఎచ్చట వెదకవలెను?

దారి తప్పు విధములు

క్రొత్త కూర్పు తన అమరికలను వేఱొక తావున వెదకుటయే నష్టమునకు మొదటి కారణము; పాత ఫైలు చెక్కుచెదరక యున్నను, దానిని చూచువాడు లేకపోవును. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ తన అమరికలను రిజిస్ట్రీలో కూర్పు సంఖ్య పేరిట విడివిడిగా ఉంచును: 2003 కూర్పునకు 11.0, 2007 కు 12.0, పిమ్మట 13 ను విడిచి 2010 కి 14.0, 2013 కు 15.0, 2016 కు 16.0. అందుచే ఒక్కొక్క క్రొత్త ఆఫీస్ తన పూర్వకూర్పు శాఖను చదివి విలువలను తెచ్చుకొనవలసి వచ్చెను. 2019, 2021 కూర్పులుకూడ 16.0 శాఖలోనే నిలిచినందున, వానికి ఈ దాటింపు అవసరమే లేకపోయెను.

పేరు మార్పుకూడ ఇట్టి చిక్కునే తెచ్చును. నేడు ఫైర్‌ఫాక్స్ అనబడు బ్రౌజరు 2002లో ఫీనిక్స్ పేరుతో పుట్టి, ఫైర్‌బర్డ్ అని మాఱి, 2004లో ప్రస్తుత నామమును పొందెను. ఐనను వాడుకరుల ప్రొఫైళ్లు మాత్రము ‘ఫీనిక్స్’ ఫోల్డరులోనే చాలకాలము నివసించి, 0.9 కూర్పునాడు మొజిల్లా పేరిటి ఫోల్డరునకు తరలింపబడెను. రెండు పేర్లు గడచినను పాత ఫోల్డరును కదలింపక, తరలింపు సాధనము సిద్ధమైన పిమ్మటనే కదలించిన ఆ నిదానము మెచ్చదగినది.

ఆపరేటింగ్ సిస్టమే తావు మార్చినచో అన్ని ప్రోగ్రాములును ఒక్కసారి చిక్కున పడును. విండోస్ విస్టాతో ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ అను ఫోల్డరు తొలగి ‘యూజర్స్’ వచ్చినపుడు, పాత దారిని పూర్తిగా వ్రాసిపెట్టుకొన్న ప్రోగ్రాములు చెడకుండుటకై ఆ పాత పేరుతో ఒక జంక్షన్‌ను, అనగా క్రొత్త చోటునకు మళ్లించు కల్పిత ఫోల్డరును, మైక్రోసాఫ్ట్ నిలిపియుంచెను. సంస్థలలో సర్వరుపై భద్రపరచు రోమింగ్ ప్రొఫైళ్ల విషయమున మాత్రము ఒకే రూపమును అన్ని విండోస్‌లకు పొసగింప పూనుకొనక, విస్టా నుండి ప్రొఫైలు పేరునకు ‘వీ2’ అనియు, విండోస్ 8 నాటికి ‘వీ3’, 8.1 నాటికి ‘వీ4’, విండోస్ 10 లో మొదట ‘వీ5’, పిదప ‘వీ6’ అనియు తోకలు చేర్చుచు వచ్చిరి. దీనిచేత ఒక కూర్పు మఱియొక కూర్పు ప్రొఫైలును చెఱచు ప్రమాదము తొలగెను. కాని ఒకే ఉద్యోగి పాత యంత్రముపై చేసికొన్న అమరిక క్రొత్త యంత్రముపై కనబడకపోయెను.

డాట్‌నెట్ ఉదాహరణము

ఈ సమస్యను దాని సమస్త సూక్ష్మతలతో చూపగల ఉదాహరణము డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లోని అప్లికేషన్ సెట్టింగ్స్ ఏర్పాటు. 2005లో వెలువడిన 2.0 కూర్పునందు ప్రవేశించిన ఈ ఏర్పాటులో అమరికలు రెండు తెగలు: నిర్మాత నిర్ణయించినవై, నడచునపుడు మాఱనివి కొన్ని, వాడుకరి మార్చుకొనగలవి కొన్ని. రెండవ తెగవి వాడుకరి ‘యాప్‌డేటా’ ఫోల్డరు క్రింద, సంస్థ పేరిట ఒక ఫోల్డరు, దానిలో ప్రోగ్రాము పేరునకు ఒక హ్యాష్ సంఖ్యను జోడించిన ఫోల్డరు, దానిలో నాలుగు భాగముల కూర్పు సంఖ్య పేరిట ఇంకొక ఫోల్డరు, దానిలో ‘యూజర్.కాన్ఫిగ్’ అను ఫైలు, ఈ క్రమమున నిలుచును. ఒకే ప్రోగ్రాముయొక్క రెండు కూర్పులు ప్రక్కప్రక్కన నడచుచున్నను ఒకదాని అమరికను మఱియొకటి పాడుచేయకుండుటకే కూర్పువారీ విభజనము. ఉద్దేశము మంచిదే. దాని ఫలముగా, 1.0.0.0 సంఖ్యగల ప్రోగ్రాము 1.1.0.0 గా మాఱిన క్షణమున క్రొత్త ఫోల్డరులో ఏమియు లేక, వాడుకరి ముందు డిఫాల్టు విలువలు సాక్షాత్కరించును. ఆయన యెంపికలన్నియు తుడిచిపెట్టుకొని పోయినవని ఆయన తలచును. అవి ప్రక్క ఫోల్డరులోనే యున్నవి.

ఇందుకు పరిహారముగా ‘అప్‌గ్రేడ్’ అను పద్ధతి ఈ ఏర్పాటునందే కలదు. అది సోదర ఫోల్డరులను పరికించి, ప్రస్తుత కూర్పుకంటె తక్కువ సంఖ్యగలవానిలో మిక్కిలి పెద్దదానిని ఎంచి, దాని విలువలను తెచ్చును. క్లిక్‌వన్స్ మార్గమున స్థాపితమగు ప్రోగ్రాములకు ఈ విలీనము తనంతట జరుగును. తక్కినవానియందు ప్రోగ్రామరే దానిని పిలువవలెను. ప్రారంభమైన ప్రతిసారియు పిలిచినచో, వాడుకరి క్రొత్త కూర్పులో నిన్న చేసికొన్న మార్పును పాత కూర్పు విలువ కప్పివేయును. కావున నిర్మాతలు ఒక యుక్తిని అవలంబింతురు: అప్‌గ్రేడ్ అవసరమా అను ప్రశ్నకు ‘ఔను’ అనునదే డిఫాల్టుగా నుండు ఒక అమరికను చేర్చి, ప్రోగ్రాము మొదలుకాగానే దానిని చూచి, ఔననినచో పాత విలువలను తెచ్చి, వెంటనే ‘కాదు’ అని మార్చి భద్రపరతురు. క్రొత్త కూర్పు ఫోల్డరు ఖాళీగా నుండును గనుక అచ్చట మరల ‘ఔను’ అను డిఫాల్టే పలుకును. ఈ విధముగా ఒక్కొక్క కూర్పునకు ఒక్కసారి మాత్రమే సంక్రమణము జరుగును. ఇంత చిన్న యుక్తి ఇంత నిర్దుష్టముగా పనిచేయుట ఆశ్చర్యకరము.

ఐనను రెండు ఉచ్చులు మిగిలియున్నవి. ప్రోగ్రామునకు స్ట్రాంగ్ నేమ్ అను సంతకము లేనిచో, ఫోల్డరు పేరులోని హ్యాష్ ఆ ప్రోగ్రాము డిస్కుపై నున్న దారినుండి గణింపబడును. వాడుకరి ప్రోగ్రామును ఒక ఫోల్డరునుండి మఱియొక దానికి జరిపిన మాత్రమున హ్యాష్ మాఱి, సోదర ఫోల్డరుల పంక్తియే వేఱగును. అప్‌గ్రేడ్ ఆ పంక్తిని దాటి చూడదు. సంతకము చేసిన ప్రోగ్రామునకు ఈ గతి పట్టదు. రెండవది, కూర్పు సంఖ్య చివర నక్షత్రపు గుర్తునుంచి సంఖ్యను కంపైలరు చేతనే పుట్టించు అలవాటు. దీనివలన కట్టిన ప్రతిసారియు క్రొత్త సంఖ్య, క్రొత్త ఫోల్డరు ఏర్పడి, కొంతకాలమునకు పదుల కొలది ఫోల్డరులు పేరుకొనిపోవును. తొలగించిన లేదా పేరు మార్చిన అమరిక పాత విలువ కావలసినచో, ఆ పాత పేరును ప్రోగ్రామునందు నిలిపియే, ‘గెట్‌ప్రీవియస్‌వెర్షన్’ అను పద్ధతిచేత చదువవలెను. పాత పేరును తొందరపడి తుడిచివేసిన వానికి ఈ యుపాయముకూడ దక్కదు.

ఎంపికయు, డిఫాల్టును

డెబియన్ లినక్స్‌లోని డీప్యాకేజ్ సాధనము వాడుకరి ఎంపికను నిర్మాత డిఫాల్టునుండి వేఱుపఱచు వివేచనను సిద్ధాంతముగా మలచినది. ప్యాకేజీతో వచ్చు ప్రతి అమరిక ఫైలుకును అది వచ్చిననాటి రూపమును గుర్తించు చెక్‌సమ్‌ను ఈ సాధనము వ్రాసియుంచుకొనును. క్రొత్త ప్యాకేజీ వచ్చినపుడు మూడింటిని పోల్చును: నాడు ఇచ్చినది, నేడు డిస్కుపై నున్నది, ఇపుడు ఇవ్వబోవునది. నాటిదియు నేటిదియు ఒకటే యైనచో వాడుకరి దానిని తాకలేదని అర్థము; క్రొత్తది నిశ్శబ్దముగా వచ్చి కూర్చుండును. వాడుకరి మార్చి, నిర్మాత మార్చనిచో వాడుకరిది అట్లే నిలుచును. ఇరువురును మార్చినపుడు మాత్రమే సాధనము ఆగి, ఏది ఉంచవలెనని అడుగును, భేదమును చూపును, బదులు పలుకక ఎంటర్ నొక్కినచో ఉన్నదానినే ఉంచును. ఓడిన ఫైలును సైతము అది పాఱవేయదు. వాడుకరిది తొలగినచో ‘డీప్యాకేజ్-ఓల్డ్’, నిర్మాతది తొలగినచో ‘డీప్యాకేజ్-డిస్ట్’ అను తోకతో ప్రక్కన దాచును. ఆర్‌పీఎం వ్యవస్థలోని ‘ఆర్‌పీఎంన్యూ’, ‘ఆర్‌పీఎంసేవ్’ ఫైళ్లును ఇదే కోవకు చెందినవి. నా దృష్టిలో అమరికల సంక్రమణమున ఇంతకంటె న్యాయమైన నియమము ఇంకను రాలేదు. ఇది అడుగవలసినచోట అడుగును, అడుగ నక్కఱలేనిచోట వాడుకరిని విసిగింపదు.

ఫైర్‌ఫాక్స్ ఇదే తత్త్వమును వేఱొక రీతిని సాధించినది. దాని ‘ప్రెఫ్స్.జెఎస్’ ఫైలులో డిఫాల్టునకు భిన్నమైన విలువలు మాత్రమే వ్రాయబడును. నిర్మాతలు డిఫాల్టును మెఱుగుపఱచినపుడు, దానిని తాకని వాడుకరులందఱికిని ఆ మేలు తనంతట చేరును. అన్ని విలువలను గుత్తగా భద్రపరచు ప్రోగ్రాములలోనో, పదేండ్లనాటి డిఫాల్టు వాడుకరి ఇష్టముగా వేషము ధరించి నిలిచిపోవును. ఈ పద్ధతిలోను ఒక సందుకలదు: ఎవడైన ఆలోచించియే డిఫాల్టు విలువను కోరినచో ఆ కోరిక ఎచ్చటను నమోదు కాదు, రేపు డిఫాల్టు మాఱినపుడు వాని ఇష్టము వానికి తెలియకయే మాఱును. అందుచే డిఫాల్టుతో సమానమైనను నిలిచియుండు ‘స్టిక్కీ’ అమరికలను తరువాత ఏర్పఱచిరి.

వాడుకరి నిరాకరణము విషయమున ఈ వివేచన కేవల సౌకర్యము కాక ధర్మముగా మాఱును. తన వాడుక సమాచారమును నిర్మాతకు పంపవలదని ఒకడు చెప్పియుండగా, ఆ అమరిక పేరు మాఱినదను కారణమున క్రొత్త కూర్పు దానిని అంగీకారముగా గ్రహించుట అన్యాయము. విలువ తెలియరానిచో నిరాకరణముగనే భావింపవలెను.

రూపము మాఱుట, అర్థము మాఱుట

ఫైలు దొరికినంతమాత్రమున పని ముగియదు. ప్రోగ్రాము ఫైలును తనంతట భద్రపరచు వ్యవధి నిన్న నిమిషములలో, నేడు సెకనులలో నున్నచో, 10 అను విలువను యథాతథముగా తెచ్చుట మోసము. ‘నల్లని తెఱ: ఔను, కాదు’ అను ద్వివిధమైన అమరిక, ‘తెలుపు, నలుపు, సిస్టమ్ ననుసరించి’ అను త్రివిధముగా పెరిగినపుడు, పాత ‘కాదు’ తెలుపును కోరినదో, ఏమియు కోరనిదో నిర్ణయింపవలెను. అంకెలుగా వ్రాసిన ఎంపికల వరుసలో నడుమ క్రొత్తది చేర్చినచో, 3 అను అంకె నిన్నటి అర్థమును కోల్పోవును. పేర్లుగా వ్రాసినవారికి ఈ యాపద లేదు. రెండవ మానిటరుపై నిలిచిన విండో స్థానమును, ఆ మానిటరు లేని యంత్రముపై పునరుద్ధరించినచో విండో తెఱకు వెలుపల అదృశ్యమగును.

కావున అమరికల ఫైలుకు ప్రోగ్రాము సంఖ్యతో సంబంధములేని తనదైన నమూనా సంఖ్య యుండుట ఉత్తమము. ఎస్‌క్యూలైట్ డేటాబేసు శీర్షభాగమున 60వ స్థానమునుండి నాలుగు బైట్లు ఇందుకే ‘యూజర్ వెర్షన్’ పేరిట విడువబడినవి. ఆండ్రాయిడ్‌లోని సహాయక తరగతి దీనిని చదివి, తక్కువగా నున్నచో ‘ఆన్‌అప్‌గ్రేడ్’ అను పద్ధతిని పిలుచును. ఫైర్‌ఫాక్స్ తన ‘బ్రౌజర్.మైగ్రేషన్.వెర్షన్’ అను అమరికలో ఒక సంఖ్య నుంచుకొని, అది 5 కంటె తక్కువైనచో ఈ పని, 6 కంటె తక్కువైనచో ఆ పని అను మెట్ల వరుసగా నడచును. కేడీఈ డెస్క్‌టాప్‌లోని ‘కేకాన్ఫ్ అప్‌డేట్’ ప్రతి మార్పునకు ఒక గుర్తుపేరునిచ్చి, జరిగినవానిని నమోదుచేసికొని, ఏదియు రెండుసార్లు జరుగకుండ కాపాడును. నాలుగైదు కూర్పులను విడిచి ఒక్కసారి తాజా కూర్పునకు వచ్చు వాడుకరికి ఈ మెట్ల వరుసయే శరణ్యము. ఒకమారు విడుదలయైన మెట్టును తిరిగి సవరింపరాదు. అది ప్రస్తుత ప్రోగ్రాములోని డిఫాల్టులను గాని, పేర్లను గాని అరువు తెచ్చుకొనక, తన కాలమునాటి విలువలను తనలోనే వ్రాసికొని యుండవలెను. ఈ నియమమును మఱచినచోట, ఏడాది గడచిన పిదప ఎవడో డిఫాల్టును మార్చినపుడు, ఎన్నడో సరిగా నడచిన సంక్రమణము అకస్మాత్తుగా తప్పుదారి పట్టును. ప్రతి పాత కూర్పునుండియు నిజమైన అమరిక ఫైలును ఒకటి సేకరించి, ప్రతి విడుదలకు ముందు వానినన్నిటిని మెట్లమీదుగా నడపి చూచుట దీనికి తగిన పరీక్ష.

వెనుకకు మరలుట

క్రొత్త కూర్పు నచ్చక పాతదానికి మరలువారును కలరు. పాత ప్రోగ్రామునకు భవిష్యత్తు రూపము తెలియదు. ఆండ్రాయిడ్ సహాయక తరగతిలో, నిర్మాత వేఱుగా చెప్పనిచో, అట్టి ప్రయత్నము దోషముగా పరిగణింపబడి ఆగిపోవును. 2019 మే నెలలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67, ప్రొఫైలును అంతకుముందు క్రొత్త కూర్పు వాడినదని కనుగొన్నచో దానిని తెఱువ నిరాకరించి, క్రొత్త ప్రొఫైలును సృష్టించుకొమ్మని సూచించుట ఆరంభించెను. ఒకే అమరికలను పలు యంత్రముల మధ్య సమకాలికముగా నుంచు సింక్ సేవలలో పాత, క్రొత్త కూర్పులు ఏకకాలమున ఒకే ఫైలును వ్రాయును గనుక, పాత ప్రోగ్రాము తనకు తెలియని అంశములను తుడిచివేయక, విప్పని లేఖను చేర్చు తపాలా బంట్రోతు వలె, ఉన్నవానిని ఉన్నట్లు తిరిగి వ్రాయవలెను. సమాచారమును వ్రాయుటకు గూగుల్ ఏర్పఱచిన ప్రోటోకాల్ బఫర్స్ అను రూపముయొక్క మూడవ తరము ఇట్టి తెలియని అంశములను మొదట పాఱవేసెడిది. 2017 నాటి 3.5 కూర్పులో వానిని నిలుపు పూర్వపద్ధతి పునరుద్ధరింపబడెను.

వ్రాతలోని ప్రమాదములు

సంక్రమణము నడుమ విద్యుత్తు పోయినచో పాతదియు, క్రొత్తదియు రెండును నశింపకుండవలెను. క్రొత్త విలువలను వేఱొక ఫైలులో వ్రాసి, అది డిస్కునకు చేరినదని నిశ్చయించుకొని, పిమ్మట పేరు మార్పుచేత పాతదాని స్థానమున నిలుపుట సుప్రసిద్ధమైన పద్ధతి. నిశ్చయించుకొను మెట్టును విడిచినందుకు కలిగిన అనర్థము 2009లో లోకమునకు తెలిసినది: ఎక్స్ట్4 ఫైల్ సిస్టమ్ సమాచారమును డిస్కునకు ఆలస్యముగా కేటాయించుటచేత, యంత్రము హఠాత్తుగా ఆగిన పిదప డెస్క్‌టాప్ అమరిక ఫైళ్లు సున్న బైట్లతో మిగిలెను. దాని నిర్మాతలలో ముఖ్యుడైన థియోడోర్ త్సో, అప్లికేషన్లు ఆ నిశ్చయమును కలిగించు ‘ఎఫ్‌సింక్’ పిలువవలెనని వాదించుచునే, పేరు మార్పుచేత జరుగు ప్రతిస్థాపనను గుర్తించి ముందే వ్రాయు ఉపాయమును లినక్స్ కెర్నెలునకు చేర్చెను, అది 2.6.30 కూర్పులో వచ్చినది. వాదమున ఆయన పక్షమే నియమానుసారమైనను, అమరికలు పోగొట్టుకొన్న వాడుకరికి నియమముతో పనిలేదు. ఆయన చేసిన సవరణమే విలువైనది.

రహస్యపదములు వేఱొక తెగ. విండోస్‌లో అవి వాడుకరి ఖాతాతో ముడివడిన తాళముచేత గుప్తీకరింపబడును; ఫైలును క్రొత్త యంత్రమునకు నకలు చేసినంతమాత్రమున విప్పుకొనవు. అట్టిచోట మౌనముగా విఫలమగుటకంటె మరల ప్రవేశపెట్టుమని కోరుట మేలు. యంత్రమునే మార్చు సంస్థలకు మైక్రోసాఫ్ట్ వారి యూజర్ స్టేట్ మైగ్రేషన్ టూల్ కలదు. ‘స్కాన్‌స్టేట్’ పాత యంత్రమునుండి సేకరించును, ‘లోడ్‌స్టేట్’ క్రొత్తదానిపై నిలుపును. గృహవాడుకరులకై విస్టాలో చేరిన ఈజీ ట్రాన్స్‌ఫర్ విండోస్ 10 తో అంతరించెను.

పాత అమరికల నెపుడు తుడిచివేయవలెనను ప్రశ్నకు సాఫ్ట్‌వేర్లు భిన్నరీతుల బదులు చెప్పును. ఆండ్రాయిడ్‌లో యాప్‌ను తొలగించినపుడు, అది ప్రత్యేకముగా కోరియుండిననే తప్ప, దాని అమరికలును వెంటనే పోవును. డెబియన్‌లో తొలగింపు రెండంచెలు: ‘రిమూవ్’ ప్రోగ్రామును తీసివేసి దాని అమరిక ఫైళ్లను ‘ఈటీసీ’ డైరెక్టరీలో అట్లే యుంచును, ‘పర్జ్’ వానినికూడ తీసివేయును. మొదటి అంచెలో నిలిచిన ప్యాకేజీ జాబితాలో ‘ఆర్‌సీ’ అను గుర్తుతో కనబడును. ఏండ్ల తరువాత దానిని మరల స్థాపించినను, వాడుకరి నాడు మార్చుకొన్న ఫైలే దానికి దొరకును.